జానెడు డబ్బా చేతిలో టైమ్ మెషిన్ ప్రాణం!

వెండితెర మీద హీరోలుంటారు, హీరోయిన్లుంటారు, విలన్లుంటారు. ఒక్కొక్కప్పుడు ఏనుగో, పామో, కుక్కో వచ్చి హీరోగారి చప్పట్లన్నీ ఎగరేసుకుపోతుంటుంది. మరి కారు? కారు కూడా స్టారు కాగలదా? కాగలదు. అయింది కూడా! 1985 జూలై 3న అమెరికాలో విడుదలైన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చూసినవాళ్ళని అడగండి. మైకేల్ జె. ఫాక్స్ పేరు చెప్పేలోపే, "ఆ రెక్కల తలుపుల కారు…" అంటూ చేతులు పైకెత్తి చూపిస్తారు.

ఆ కారు పేరు డెలోరియన్. రంగు వేయని స్టీలు ఒళ్ళు, గద్ద రెక్కల్లా పైకి లేచే తలుపులు. గంటకి 88 మైళ్ళ వేగం అందుకుందంటే చాలు, కాలాన్ని చీల్చుకుని మాయమైపోతుంది. 88 మైళ్ళంటే మన లెక్కలో దాదాపు 142 కిలోమీటర్లు.

అంతటి కారుని ఆపాలంటే ఏం కావాలి? విలన్ తుపాకీలు కావాలా? పిడుగు పడాలా? అబ్బే, అవేవీ అక్కర్లేదు. కారు అడుగున, మట్టిలో మసిలో, ఎవరి కంటా పడకుండా ఒక డబ్బా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే జానెడు ఉంటుందేమో. దాని పేరు ఫ్యూయల్ ఫిల్టరు, అంటే పెట్రోలు జల్లెడ. అది పూడుకుపోయిందా, టైమ్ మెషిన్ కాస్తా ఇంటిముందు నిలబెట్టిన స్టీలు బీరువాతో సమానం!

ఆ డబ్బా కథే ఈ వారం మీకోసం.

ఫ్రిజ్‌కి దక్కాల్సిన వేషం

ముందు మన స్టారు సినీరంగ ప్రవేశం ఎలా జరిగిందో చూద్దాం. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, రచయిత బాబ్ గేల్ కలిసి కథ అల్లుకున్న తొలిరోజుల్లో టైమ్ మెషిన్ కారు కానే కాదు. అదొక రిఫ్రిజిరేటరు! సినిమా చూసిన పిల్లలు ఇళ్ళలో ఫ్రిజ్‌లో దూరి తలుపేసుకుంటే ఏం గతి? ఆ భయంతో ఆ ఆలోచన మానేశారు. ఎక్కడికి కావాలంటే అక్కడికి కదిలే యంత్రమైతే బాగుంటుందనుకున్నారు. అలా ఫ్రిజ్‌కి దక్కాల్సిన వేషం కారుకి దక్కింది.

మొదటి పిక్చరుకి మూడు డెలోరియన్లు వాడారు. ఒకటి అందంగా ముస్తాబు చేసి క్లోజప్పులకి. రెండోది స్టంట్లకి. మూడోదాన్ని కెమేరా పట్టేందుకు వీలుగా కోసేసి, లోపలి షాట్లకి. అంటే మన హీరోలకి డూపులున్నట్టే కారుకీ డూపులున్నాయన్నమాట.

అంతేనా? డబ్బింగు కూడా ఉంది! తెలుగులో కమల్‌హాసన్‌కి బాలసుబ్రహ్మణ్యంగారు గొంతు అరువిచ్చినట్టు, డెలోరియన్‌కి గొంతు అరువిచ్చింది పోర్షే 928 అనే మరో స్పోర్ట్స్ కారు. ఎందుకంటారా? చూపులకి ఎంత రాజసంగా ఉన్నా డెలోరియన్ ఇంజను అంత గర్జించేది కాదు. ఉన్నది 2.85 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. అది ప్యూజో, రెనో, వోల్వో మూడు కంపెనీలు కలిసి తయారుచేసుకున్నది. అమెరికా మోడల్‌లో దాని శక్తి 130 గుర్రాలు. స్పీడోమీటరు చూస్తే ఇంకా తమాషా. ఆ రోజుల్లో అమెరికా రూలు ప్రకారం ముల్లు 85 మైళ్ళ దగ్గరే ఆగిపోవాలి. కథకేమో 88 కావాలి! అందుకని సినిమా కారుకి 95 దాకా అంకెలున్న మీటరు చేయించి పెట్టారు.

కన్నవాడు పోయినా…

ఈ కారుని కన్నవాడు జాన్ డెలోరియన్. జనరల్ మోటార్స్‌లో పెద్ద పదవి వదిలేసి, సొంత పేరుతో కారు తీయాలని కలగన్నాడు. ఇటలీ డిజైనరు జార్జెట్టో జుజారో రూపం గీశాడు. ఇంగ్లండులోని లోటస్ కంపెనీ ఇంజనీరింగ్ పని చూసింది. ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీ అనే చోట ఫ్యాక్టరీ కట్టారు. 1981లో కార్లు బయటికొచ్చాయి. ధర 25,000 డాలర్లు. 1982 ముగిసేసరికి అంతా అయిపోయింది. కంపెనీ దివాలా తీసింది. సుమారు తొమ్మిది వేల కార్లు తయారయ్యాయి, అంతే. డెలోరియన్‌ని అదే ఏడాది అక్టోబరులో మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేశారు. 1984లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. కానీ అప్పటికే కంపెనీ లేదు, కల లేదు.

ఆ మరుసటి సంవత్సరమే సినిమా వచ్చింది! మార్కెట్లో ఫ్లాపయిన కారు తెరమీద సూపర్‌హిట్ అయింది. ఆనందం పట్టలేక డెలోరియన్ ఆ సినిమావాళ్ళకి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. 2005లో ఆయన కన్నుమూశాడు. కన్నవాడు పోయినా కారు పోలేదు. అప్పటి విడిభాగాల నిల్వలు చేతులు మారి, చివరికి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హంబుల్ అనే ఊరికి చేరాయి. అందుకే ఈనాటికీ ఆ కారుకి ఫిల్టరు అడిగితే ఫిల్టరు, గొట్టం అడిగితే గొట్టం దొరుకుతున్నాయి.

నలభై ఏళ్ళు దాటిన కారుని ఈనాటికీ రోడ్డుమీద నడిపేవాళ్ళున్నారు. కవరు కప్పి షెడ్లో దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. అసలు చిక్కు ఈ దాచుకోవడం దగ్గరే మొదలవుతుంది!

పెట్రోలుకి బదులు విస్కీ

1990లో వచ్చిన మూడో భాగం గుర్తుందా? కుర్రహీరో మార్టీ 1885కి వెళతాడు. అటు గుర్రాల దండు, ఇటు బాణాలు! రాళ్ళమీదుగా కారు దూకించి ఒక గుహలో దాక్కుంటాడు. తీరా చూస్తే పెట్రోలు గొట్టం చిరిగిపోయింది, ట్యాంకు ఖాళీ. 1885లో పెట్రోలు బంకెక్కడిది? కాలాన్ని దాటించే సర్క్యూట్లకి చెత్త వేసినా పనిచేసే ఫ్యూజన్ యంత్రం ఉంది. కానీ చక్రాలు తిరగాలంటే మామూలు పెట్రోలే కావాలి. ఎంత పెద్ద మహారాజుకైనా ఆకలేస్తే అన్నమే కదా తినాలి!

డాక్టర్ బ్రౌన్ ఏం చేశాడు? సారాకొట్టులో దొరికే అన్నిటికంటే ఘాటైన విస్కీ పోయించాడు. ఢామ్! ఫ్యూయల్ ఇంజక్షన్ పేలిపోయింది. ఆఖరికి రైలింజను తెచ్చి వెనకనుంచి తోయించాల్సి వచ్చింది. చూశారా, మూడో పిక్చరు మొత్తం కథ నడిచింది ఒక్క పెట్రోలు గొట్టం మీద!

ఇక్కడ తెలివైన అభిమానులు ఒక కొర్రీ వేస్తారు. "అదే 1885లో ఇంకో డెలోరియన్ కూడా ఉంది కదా? డాక్టరుగారు గనిలో పాతిపెట్టింది. 1955లో తవ్వి తీస్తారు. దాన్లోంచి పెట్రోలు తోడుకోవచ్చు కదా?" ప్రశ్న భేషుగ్గా ఉంది. కానీ జవాబు ఏ మెకానిక్కునడిగినా చెబుతాడు. కారుని డెబ్భై ఏళ్ళు దాచదలుచుకున్నవాడు ట్యాంకు నిండా పెట్రోలుంచి దాచడు. ముందు ట్యాంకు ఖాళీ చేస్తాడు, తర్వాత మూత పెడతాడు. ఎందుకంటే నిలవున్న పెట్రోలు పెట్రోలుగా ఉండదు. ఆవిరయ్యేది ఆవిరవుతుంది, మిగిలింది జిగురవుతుంది. ఆ జిగురే గొట్టాల్లోనూ, ఫిల్టర్లోనూ, ఇంజక్షన్ సందుల్లోనూ పేరుకుంటుంది.

డాక్టర్ బ్రౌన్‌కి తెలిసిన ఈ సంగతి, నిజజీవితంలో కారు దాచుకున్నవాళ్ళు చాలామందికి తెలియదు. పదేళ్ళ తర్వాత కవరు తీసి, తుడిచి, తాళం తిప్పుతారు. అది ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి ఊరుకుంటుంది.

నూనె బొట్టు కాదు, బుల్లెట్టు!

మన అంబాసిడర్, ఫియట్ కార్లు ఎరిగినవాళ్ళకి పెట్రోలు ఫిల్టరంటే పెద్ద భయం ఉండదు. విజయవాడ ఆటోనగర్లో ఏ కుర్రాడైనా క్షణంలో పీకి, నోటితో ఊది, మళ్ళీ పెట్టేసేవాడు. ఎందుకంటే అవి కార్బురేటరు బళ్ళు. పెట్రోలు పంపు చిన్నగా తోస్తుంది. పైపు ఊడితే నాలుగు చుక్కలు కారతాయి, అంతే.

డెలోరియన్ సంగతి అలా కాదు. దాన్లో ఉన్నది బాష్ కంపెనీ 1970లలో తెచ్చిన కె-జెట్రానిక్ అనే ఫ్యూయల్ ఇంజక్షన్. ఆ కాలపు పోర్షేలు, మెర్సిడెస్‌లు, వోల్వోలు, ఫెరారీలు చాలావాటిలో ఇదే. పేరులోని 'కె' అక్షరం జర్మన్ భాషలో 'ఎడతెగకుండా' అనే మాటకి గుర్తు. ఇంజను తిరుగుతున్నంతసేపూ పెట్రోలు సన్నటి తుంపరగా పడుతూనే ఉంటుంది. కంప్యూటరు కొలిచి పొయ్యదు. లోపలికొచ్చే గాలి ఒక పళ్ళేన్ని పైకి లేపుతుంది. అది లేచినకొద్దీ పెట్రోలు దారి తెరుచుకుంటుంది. గాలి ఎంతో పెట్రోలు అంత. లెక్క తప్పదు!

ఆ తుంపర పడాలంటే వెనకనుంచి ఒత్తిడి కావాలి. సుమారు 5 బార్లు! మామూలు కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది రెట్టింపు పైమాట. పైపు ఊడితే నాలుగు చుక్కలు కారవు, చిమ్మనగొట్టంలా ముఖాన కొడుతుంది.

ఇక దారి సంగతి. డెలోరియన్‌కి ఇంజను వెనక, ట్యాంకు ముందు. ట్యాంకులోనే కరెంటు పంపు మునిగి ఉంటుంది. అక్కణ్ణుంచి పెట్రోలు కారు పొడుగునా ప్రయాణం చేసి వెనక్కి రావాలి. ఆ దారిలోనే, కారు అడుగున, వెనక చక్రానికి కాస్త ముందు, చట్రాన్ని ఆనుకుని మన జానెడు డబ్బా కాపలా కాస్తూ ఉంటుంది. లోపల మడతలు మడతలుగా చుట్టిన కాగితం. దాని రంధ్రాలు సగటున పది మైక్రాన్లు. అర్థం కాలేదా? మీ తలవెంట్రుక ఒకటి పీకి చూసుకోండి. దాని లావులో ఇంచుమించు ఏడో వంతు!

అంత సన్నజల్లెడ ఎందుకు? ఇంజక్షన్ లోపల పెట్రోలుని పంచిపెట్టే యంత్రంలో ఉన్న సందుల వెడల్పు మిల్లీమీటరులో అయిదో వంతు. ఆరు సిలిండర్లకి ఆరు సందులు. ఒక్క తుప్పు రేణువు అడ్డం పడిందంటే ఆ సిలిండరుకి ఆ పూట పస్తే! ఆ పంచే యంత్రం పాడైతే బాగుచేయించడానికి బోలెడు ఖర్చు. ఫిల్టరు మార్చడానికి దాని ముందు ఖర్చు ఏపాటిది? చవక డబ్బా ఖరీదైన యంత్రానికి కాపలా కాస్తోందన్నమాట.

జబ్బు గుర్తులు

ఫిల్టరు పూడుకుంటే కారు వెంటనే ఆగదు. అదే దాని మాయ. ఇంటిముందు నిలబెట్టి స్టార్టు చేస్తే చక్కగా తిరుగుతుంది. బజారు దాకా వెళ్ళొస్తుంది. హైవే ఎక్కి, పెడలు తొక్కి, వేగం కావాలన్నప్పుడు బండారం బయటపడుతుంది. వేగమందుకోబోయి జంకుతుంది, కుదుపులిస్తుంది, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. కాసేపు ఆపితే తేరుకుంటుంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే. ముందు ట్యాంకులోంచి పంపు మూలుగు పెద్దగా వినిపించడం ఇంకో గుర్తు.

అన్నట్టు, మొదటి సినిమా క్లైమాక్సు గుర్తు తెచ్చుకోండి. గడియారం మీద పిడుగు పడే వేళ దగ్గరపడింది. కారు స్టార్టు కాదు! మార్టీ విసిగి తలని స్టీరింగుకేసి కొట్టుకుంటే అప్పుడు స్టార్టవుతుంది. హాలంతా ఈలలు! నిజజీవితంలో మాత్రం తలకాయ కొట్టుకుంటే బొప్పి కడుతుందే తప్ప ఇంజను తిరగదు. గుర్తులన్నీ ఇవే అయినా జబ్బు ఫిల్టరే అని వెంటనే తేల్చెయ్యకూడదు. పంపు కావచ్చు, రిలే కావచ్చు, గొట్టం కావచ్చు. కాకపోతే చవకగా, ముందుగా చూడదగ్గది ఫిల్టరు.

ఆపరేషన్ థియేటర్లోకి…

ఇప్పుడు అసలు పని. తెరమీద కారు మాయమైనచోట రెండు చక్రాల జాడల్లో మంటలు లేస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. షెడ్లో అలాంటి మంట లేస్తే చూడ్డానికి ఎవరూ మిగలరు. కాబట్టి ఫిల్టరు మార్చడంలో సగం పని స్పానరుది, సగం పని జాగ్రత్తది.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. అది పాకి వెళ్ళిన చోట దీపమున్నా, సిగరెట్టున్నా, హీటరున్నా అయిపోయిందే! అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళకి గరాజులోనే నీళ్ళు కాచే గ్యాసు హీటరుంటుంది చూడండి, దాని అడుగున చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. ఆ గరాజులో పెట్రోలు పైపు విప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. కారుని ఆరుబయటికి తోసి, ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలెట్టాలి. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. చూసుకోవడానికి టార్చిలైటే వాడాలి. వైరుకి వేలాడే వేడి బల్బు వద్దు. పెట్రోలు చుక్క పడి అది పగిలిందంటే నిప్పు రవ్వే!

మొదటి అంకం: ఒత్తిడి దించడం. ఇదే కీలకం. ఇంజను ఆపేసినా ఈ కార్లలో పెట్రోలు ఒత్తిడి వెంటనే పోదు. అక్యుములేటర్ అని ఒక చిన్న డబ్బా, లోపలి స్ప్రింగు బలంతో, దాన్ని పట్టి ఉంచుతుంది. వేడి ఇంజను పక్కన పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరైపోకుండా ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే, స్పానరు పట్టుకున్నవాడికి మాత్రం దాక్కున్న విలను! అందుకని ముందు పంపు ఫ్యూజు పీకేసి ఇంజను స్టార్టు చేస్తారు. పెట్రోలు అందక అదే ఆగిపోతుంది. ట్యాంకు మూత ఒకసారి తిప్పి లోపలి ఆవిరి వదిలేస్తారు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పుతారు. డెలోరియన్‌లో బ్యాటరీ ముందూ లేదు, వెనకా లేదు. డ్రైవరు పక్కన కూర్చునేవారి సీటు వెనక దాక్కుని ఉంటుంది!

రెండో అంకం: కారుని పైకి లేపడం. జాకీతో లేపి, గట్టి నేలమీద, గట్టి స్టాండ్లమీద నిలబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కింద దూరినవాడు తన ఆయుష్షుని ఒక రబ్బరు వాషరుకి అప్పగించినట్టే.

మూడో అంకం: విప్పడం. కళ్ళకి అద్దాలు, చేతికి తొడుగులు, కింద గిన్నె. జాయింటు చుట్టూ పాతగుడ్డ చుట్టి బోల్టుని కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. ఎంత ఒత్తిడి దించినా, మిగిలిన కాస్తా 'స్‌స్‌…' మంటూ గుడ్డలోకి పోతుంది. ఆ శబ్దం ఆగాకే పూర్తిగా విప్పడం. ఒకటి కాదు, రెండు స్పానర్లు కావాలి. ఒకటి ఫిల్టరుని కదలకుండా పట్టడానికి, రెండోది తిప్పడానికి. ఒక్కదానితో బలం చేస్తే నలభై ఏళ్ళ పైపు మెలి తిరిగిపోతుంది. అప్పుడు పది నిమిషాల పని పది రోజుల పనవుతుంది.

పాతది తీసేముందు దానిమీద బాణం గుర్తు ఎటు చూస్తోందో చూసుకోవాలి. పెట్రోలు ఎటు పోవాలో చెప్పే బాణం అది. కొత్తది బిగించేటప్పుడు బాణం ఇంజనువైపు చూడాలి. తిరగేసి బిగిస్తే జల్లెడ తలకిందులు!

నాలుగో అంకం: బిగించడం. ఇక్కడ చాలామంది చేసే పిసినారితనం ఒకటుంది. పైపు కొసన ఉంగరంలాంటి జాయింటు, మధ్యలోంచి బోలుగా ఉండే బోల్టు, దానికి అటూ ఇటూ రాగి వాషర్లు ఉంటాయి. ఆ వాషర్లు ఒకసారి బిగిస్తే నలిగి, ఆ సందు ఆకారంలోకి ఒదిగిపోతాయి. రెండోసారి అంత బాగా నలగవు. పాతవి బాగానే ఉన్నాయిగా అని మళ్ళీ వేశారో, కంటికి కనపడని చెమ్మ మొదలవుతుంది. 5 బార్ల ఒత్తిడి మీద చెమ్మ కాస్తా తుంపరవుతుంది. వేడి ఇంజను దగ్గర పెట్రోలు తుంపర! ఇంకేం చెప్పాలి? కొత్త ఫిల్టరుతో పాటు కొత్త వాషర్లు వెయ్యాల్సిందే. పైపు కొసలు రబ్బరువైతే వాటినీ వంచి చూడాలి. పగుళ్ళు కనిపించాయా, అవీ మార్చాల్సిందే.

అయిదో అంకం: పరీక్ష. ఫ్యూజు పెట్టి, బ్యాటరీ కలిపి, ఒకరు తాళం తిప్పాలి. ఇంకొకరు టార్చి పట్టుకుని చూడాలి. డెలోరియన్‌లో ఒట్టినే తాళం ఆన్ చేస్తే పంపు తిరగదు, ఇంజను తిరుగుతుంటేనే తిరుగుతుంది. యాక్సిడెంటై ఇంజను ఆగిపోతే పెట్రోలు పారకుండా ఆ ఏర్పాటు. కొత్త ఫిల్టరు నిండాలి కాబట్టి కాసేపు ఎక్కువ తిప్పాలి. స్టార్టయ్యాక జాయింట్ల కింద పొడికాగితం పెట్టి చూడాలి. చుక్క తడి కనిపించినా ఆపెయ్యడమే. ఓ చుట్టు తిరిగొచ్చాక మళ్ళీ ఒకసారి, మర్నాడు పొద్దున్న ఇంకోసారి. మూడుసార్లూ కాగితం పొడిగా ఉంటే పిక్చరు శుభం!

ఇదంతా చదివి ఉత్సాహపడి స్పానరు పట్టుకునే తమ్ముళ్ళకి ఒక మాట. ఒత్తిడి ఎక్కువుండే ఇంజక్షన్ కారు మీద మొదటిసారి చెయ్యి వేసేటప్పుడు, ఆ పని తెలిసిన మెకానిక్కు పక్కనుండి తీరాలి. స్టంటు మాస్టరు లేకుండా హీరో కూడా దూకడు!

తెల్లకాగితం మీద జాతకం

తీసేసిన పాత ఫిల్టరుని చెత్తకుండీలో వెయ్యకండి. లోపల మిగిలిన పెట్రోలుని, అది వచ్చిన వైపునుంచే, తెల్లగుడ్డ మీదికి వంచండి. కారు జాతకం మొత్తం అక్కడ కనిపిస్తుంది.

ఎర్రటి పొడి వస్తే అది ఇనప ట్యాంకు తుప్పు. చాలా పాతకార్ల జబ్బు ఇదే. డెలోరియన్‌కి ఈ బాధ తక్కువ, దాని ట్యాంకు ప్లాస్టిక్‌ది. నల్లటి నలకలొస్తే రబ్బరు కరుగుతోందని అర్థం. డెలోరియన్ ట్యాంకులో పంపుని పట్టి ఉంచే రబ్బరు తొడుగు ఏళ్ళు గడిచేసరికి మెత్తబడి ముద్దయిపోతుంది. అప్పుడు ఫిల్టరొక్కటే మార్చి లాభం లేదు. ముందు స్పేరు టైరు తీసి, పంపు పైకి లాగి, తొడుగు మార్చాలి. గోధుమరంగు జిగురు వచ్చి, వార్నిష్ వాసన కొడితే అది ఏళ్ళతరబడి నిలవున్న పెట్రోలు. ట్యాంకు మొత్తం కడగాల్సిందే. లేకపోతే కొత్త ఫిల్టరుకీ నెల తిరక్కుండా అదే గతి పడుతుంది. జ్వరానికి మాత్ర వేసుకుని, మురికినీళ్ళు తాగుతూనే ఉంటే ఎలా?

విస్కీ మళ్ళీ వచ్చింది!

ఇంకో సంగతి చెప్తే నవ్వొస్తుంది. 1885లో డాక్టరుగారు విస్కీ పోసి ఇంజక్షన్ పేల్చుకున్నాడా! విస్కీలో ఉండే మత్తు పదార్థం ఇథనాల్. అదే ఇథనాల్ ఇప్పుడు పెట్రోల్లోనే కలిసి వస్తోంది. అమెరికాలో మామూలు పెట్రోల్లో పది శాతం. మన దేశంలో 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. దానికి తగ్గట్టు కట్టిన కొత్తబళ్ళకి ఇబ్బంది లేదు. 1981లో కట్టిన రబ్బరు గొట్టాలకి మాత్రం ఈ మందు పడదు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పెళుసవుతాయి. ఇథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది, ట్యాంకు గోడలకంటుకున్న పాత మడ్డిని ఊడదీస్తుంది. ఊడిన మడ్డి ఎక్కడికొస్తుంది? మన జానెడు డబ్బాలోకే! పాతకారున్నవాళ్ళు ఒకప్పటికంటే ఇప్పుడు ఫిల్టరు మీద కాస్త ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది అందుకే.

మన టైమ్ మెషిన్ మాటేమిటి?

టైమ్ మెషిన్ అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది డెలోరియన్ కాదు. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369'. 1991లో విడుదలై, 2025లో మళ్ళీ థియేటర్లకొచ్చింది. బాలకృష్ణ అందులో ఎక్కిన యంత్రం కృష్ణదేవరాయలవారి కాలానికి తీసుకెళ్ళింది. తిరుగు ప్రయాణంలో మొరాయించి 2504వ సంవత్సరంలో పడేసింది! హాలీవుడ్‌లో పెట్రోలు గొట్టం, మన దగ్గర యంత్రం మొరాయింపు. రెండుచోట్లా కథ మలుపు తిప్పింది రిపేరే. యంత్రం చక్కగా పనిచేస్తే సినిమా ఏముంది, ఇంటర్వెల్‌కే శుభం కార్డు పడిపోదూ?

మొదటి పిక్చరులో క్లోజప్పులకి వాడిన ఆ అసలు డెలోరియన్ ఏళ్ళతరబడి ఎండకి ఎండి, వానకి తడిసి పాడైపోయింది. తర్వాత దాన్ని అభిమానులు ఓపిగ్గా బాగుచేశారు. అది ఇప్పుడు స్టారు హోదాలో లాస్ ఏంజెలిస్‌లోని పీటర్సెన్ మ్యూజియంలో చూడొచ్చు. కానీ లోకంలో మిగిలిన వేలాది డెలోరియన్లకి మ్యూజియం దీపాల్లేవు. వాటి ఆయువు యజమాని శ్రద్ధలో ఉంది. నాలుగు రాగి వాషర్లలో, ఒక కాగితపు జల్లెడలో ఉంది.

ఈసారి టీవీలో ఆ సినిమా వస్తే చూడండి. ముల్లు 86… 87… 88 అంటూ ఎక్కుతుంటే అందరూ గడియారం వంక చూస్తారు. మీరు మాత్రం కారు అడుగున వెనక చక్రం పక్కన, టైటిల్స్‌లో పేరు కూడా పడని ఆ చిన్న డబ్బాని ఒక్కసారి తలుచుకోండి. అది ఆ రోజు పూడుకుపోయి ఉంటే పిడుగు పిడుగులాగే పడేది, మార్టీ మాత్రం 1955లోనే ఉండిపోయేవాడు!